గంగాలమ్మ తట్ట

రొయ్యల్ని సైజుల వారీగా ఏరే మిషను ఫ్యాక్టరీలో దిగిన రోజున టేబుళ్ళ దగ్గర ఆడవాళ్ళందరి మొహాలూ మాడిపోయాయి. ఆశాజ్యోతికి మాత్రం సంబరమేసింది. ఈ మాట ఆమె ఇంతవరకూ ఎవరితోనూ పైకి అనలేదు, అమ్మతో కూడా. ఐసులో వేళ్ళు కొయ్యబారిపోయే పని ఇంక తప్పుతుందని సంబరం. ఫోన్లో వీడియోలు చూసి చూసి తనంతట తాను నేర్చుకున్న కంప్యూటరు ఇన్నాళ్ళకి ఒకరికి కావలసొచ్చిందని సంబరం. పక్కన ఫ్లోరక్క మోచేత్తో కళ్ళు తుడుచుకుంటుంటే తనూ మొహం వేలాడేసుకునే నిలబడింది గానీ, చూపు మాత్రం మిషను తెర మీదే ఉంది.

మర్నాడే మేనేజరు మణికంఠ గదిలోకి పిలిచాడు. "ఆపరేటర్ నువ్వే. నెల చూస్తాం, బాగా నడిపితే పర్మనెంట్. హెల్పర్ కింద టేబుల్ నుంచి ఒక్కళ్ళని తీసుకో. ఎవరో నువ్వే తేల్చుకుని సోమవారం పొద్దున్న నాకు చెప్పు. మిగతావాళ్ళకి ఒకటో తారీఖు నుంచి పనుండదు" అన్నాడు. ఆమె మనసులో ఇద్దరే మెదిలారు. రోజారమణి ఇంటర్ ప్యాసయింది, చురుకైన పిల్ల, తెర మీద వచ్చే ఇంగ్లీషు ముక్కలు చదవగలదు. ఫ్లోరక్క నలభై దాటిన మనిషి, తెలుగే కూడబలుక్కుని చదువుతుంది, వేళ్ళ కణుపులు వాచిపోయి ఉంటాయి. కానీ పనిలో చేరిన కొత్తలో "ఒసే పిల్లా, గ్లౌజు లోపల కొబ్బరినూనె రాసుకోవే, లేకపోతే గోళ్ళూడిపోతాయి" అని చెప్పింది ఆవిడే. తను ఒలిచిన రొయ్యలు గుప్పెళ్ళతో తీసి ఆశాజ్యోతి ట్రేలో పడేసి, సూపర్‌వైజర్ తిట్లు తప్పించిందీ ఆవిడే. అయితే హెల్పర్ తడబడిందంటే నెల తిరిగేసరికి ఆశాజ్యోతి కాళ్ళ కిందకే నీళ్ళొస్తాయి. శుక్రవారం నుంచి ఫ్లోరక్క ఫోన్ చేస్తూనే ఉంది. ఆశాజ్యోతి ఎత్తడం లేదు.

ఆదివారం మధ్యాహ్నం కింద వాటాలో ఉండే ఇంటాయన పైడిరాజు తాత, రిమోట్ పనిచెయ్యడం లేదని కేకేశాడు. పోర్టులో ముడిరాయి బెల్టు నడిపి, వీఆరెస్ తీసుకుని, కంచరపాలెంలో రెండంతస్తుల ఇల్లు కట్టుకున్న మనిషి. ఆమె మోటారు స్విచ్చి వేసి, మెట్లు దిగి వచ్చి, రిమోట్‌లో బ్యాటరీలు మార్చింది. టీవీ పక్కన ఇత్తడి రేకు అతికించిన చెక్క షీల్డు ఒకటి ఒరిగిపోయి ఉంటే సరిగ్గా నిలబెట్టింది. మళ్ళీ పైకెళితే ఫోన్ వంక చూస్తూ కూర్చోవాలి. అందుకని షీల్డు మీది పేరు చూసి, "తాతా, ఈ గంగాలమ్మ ఎవరు?" అని అడిగింది.

"ఏటి, ఆ సీల్డా? అది మా యమ్మదే. మా యమ్మది కాదు కూడాను. నవ్వకు, కూకో. ఆ రిమోటు బల్ల మీదెట్టీ. ఇప్పుడొచ్చే సీరియలు నానేటీ సూడను, మీ మామ్మ సూసీది. అది పోనాక కూడా ఆ టయానికి టీవీ ఎట్టకపోతే ఇల్లు ఇల్లులాగుండదు, అందుకని ఎడతన్నాను, అంతే. దాని మీదేటి రాసుందో గట్టిగా సదువు. 'శ్రీమతి గంగాలమ్మ గారి పదవీ విరమణ సందర్భముగా.' ఆఁ. ఆ గంగాలమ్మ మా కన్నతల్లి. నాకు ఆరో ఏడో నడుత్తన్నప్పుడు కామెర్లొచ్చి పోనాది. మరి ఎప్పుడో పోనావిడ పదవీ విరమణ ఎలగ సేసిందంటావా? అదే సెప్తన్నాను, నువ్వలగ కళ్ళెగరెయ్యకు. సేసినావిడ పేరు సిలకమ్మ. మాకు సుట్టమా అంటే సుట్టం కాదు, మా కులమూ కాదు, మా యమ్మతో పాటు తట్ట మోసిన మనిసి. తట్టంటే తెలుసా నీకు? ఇల్లు కట్టినప్పుడు సిమెంటు మోత్తారే, అలాంటిదే, కాపోతే ఎదురు బద్దల్తో అల్లింది, పెద్దది.

"అప్పట్లో ఓడలోకి రాయి ఎలగెల్లీదో నీకు తెలీదు. ఇప్పుడు బీచి రోడ్డు మీద నిలబడి సూడు, ఓడలు ఊరికే బారుగా నిలబడుంటాయి, ఒక్క మనిసి అగుపడడు. అప్పుడు మొత్తం మనుసులే. రైలు పెట్టిల్లో రాయొచ్చీది. ఇనప రాయైతే ఎర్రగా, మాంగనీసైతే నల్లగా. గుట్టలు గుట్టలు పోసీవోరు. ఆ గుట్ట కాడ్నించి ఓడ దాకా ఆడోల్లే మొయ్యాలి. ఒక సెక్క మీద ఎక్కడం, కుమ్మరించడం, ఇంకో సెక్క మీద దిగడం, మల్లీ గుట్ట కాడికి. సీమల బారనుకో. సాయంత్రం ఇంటికొచ్చీసరికి ఎర్ర రాయి మోసినోల్లు ఎర్రగా, నల్ల రాయి మోసినోల్లు నల్లగా, మొకాలు పోల్సుకోడానికుండదు. మా యమ్మ ఎర్ర రాయి. నాకు మా యమ్మంటే ఆ ఎర్రటి కాళ్ళొకటే గురుతు. గుమ్మం కాడ కూకుని నీల్లు పోసుకునీది, ఆ నీల్లు వాకిలంతా ఎర్రగా పారీవి. మొకం నాకు గురుతు నేదు. ఫొటోయా? ఫొటోలు తీయించుకునీ మనుసులేటే ఆల్లు.

"టీవీలో ఎవుడో ఒకడు సెప్తుంటాడు కదా, పాత రోజులే బాగుండీవి, గంజి తాగినా సుకంగుండీవోలం అనీసి. నాకు ఒళ్ళు మండిపోద్ది. ఏటి సుకం? సిలకమ్మ నెత్తి మీద నడిమద్దిన జుట్టు నేదు. రోజూ తట్టానీ తట్టానీ ఊడిపోనాది, అరిసెంత బోడి. మెడ ఇలగ లోపలికి దిగిపోయి, ఎవులైనా పిలిత్తే తల తిప్పడం కాదు, మనిసి మొత్తం తిరగాలి. ఎద్దు తిరిగినట్టు తిరిగీది. సుట్ట అడ్డపొగ తాగీది, నిప్పు లోపలికెట్టుకుని. అదేటమ్మా నోరు కాలదా అంటే, 'కాలినా అగుపడదుగదరా' అనీది. ఆవిడికి మొగుడు నేడు, పిల్లల్నేరు. ఉండీవోడంట ఒకడు, బర్మా ఓడెక్కి ఎల్లిపోనాడంట, అది ఎంతవరకు నిజమో. గౌరీశ్వరైతే 'ఓడా పాడా! దీని నోటికి దడిసి పారిపోనాడు' అనీది. గౌరీశ్వరి కూడా ఆ జట్టులోదే, సిన్నది, నోరుగలది, దాని సంగతి తరవాత సెప్తాను.

"ఆఁ, తట్ట. జట్టుకి మేస్త్రి సిలకమ్మ. పొద్దున్నే గేటు కాడ జట్టులో అందరూ తట్టలు బోర్లించి వరసగా ఎట్టాలి. గుమస్తా ఉండీవోరు, భీమశంకరరావు పంతులు గారని, బక్కగా, కల్లజోడు. ఆయనొచ్చి తట్టల్ని లెక్కెట్టీవోరు. మనుసుల్ని కాదు. ఎందుకంటే మనుసులొకసోట ఉండరు గదా, ఒకత్తి నీల్లకెల్తాది, ఒకత్తి పిల్లకి పాలిత్తాది. తట్ట కదలదు. ఎన్ని తట్టలుంటే అంతమంది పనిలోకొచ్చినట్టు లెక్క. సాయంత్రం కూలి జట్టు మొత్తానికీ కలిపిచ్చీవోరు, సమంగా పంచుకునీవోరు. మరిప్పుడు ఎవులికో జొరమొచ్చిందనుకో, పురుడొచ్చిందనుకో. ఆవిడి తట్టని మిగతావోల్లు తెచ్చి వరసలో బోర్లించీవోరు. ఆవిడి మొయ్యాల్సిన రాయి తలా కొంచెం ఎక్కువ మోసీవోరు. దాన్ని తట్టెట్టడం అనీవోరు. 'మా వదిన పురిటికెల్తే దానికి నెల్లాల్లు తట్టెట్టినారు' అనీసి గొప్పగా సెప్పుకునీవోరు. పంతులు గారికి తెలీదా అంటే, ఎందుకు తెలీదు? రోజూ సూసే మొకాలే గదా. కల్లజోడు తీసి తుడుసుకుంటా లెక్కెట్టీసీవోరు.

"మా యమ్మ జబ్బు పడ్డన్నాల్లూ ఆవిడి తట్ట వరసలోనే ఉంది. పోనాది. పోనాక కూడా ఉంది. మా అయ్య అంతకు ముందే పోనాడు. దినాలైపోయి, నానూ మా సెల్లీ మా ముసిల్దాని కాడ, మా నాయినమ్మ కాడ పడి ఏడుత్తుంటే, సాయంత్రం సిలకమ్మొచ్చి మా యమ్మ వాటా ముసిల్దాని సేతిలో ఎట్టీసి ఎల్లిపోయీది. కూకోదు, ఓదార్సదు. రోజూ రెండు తట్టలొకదాంట్లో ఒకటెట్టుకుని గేటుకెల్లీది, తనదొకటి, మా యమ్మదొకటి. గౌరీశ్వరి ఊరుకుంటాదేటి? ఒకనాడు తట్ట కింద పడీసి, 'ఎన్నాల్లే సిలకా, సచ్చినదాని రాయి నా మెడ మీదెట్టి మోయిత్తావు?' అన్నాదంట. సిలకమ్మ సుట్ట తియ్యకుండానే 'దాని పిల్లలిద్దరూ నీ మెడ మీద పడితే ఇంతకంటే బరువే, మొయ్యి' అన్నాదంట. మోసినారు. తిట్టుకుంటా మోసినారు. మనసు మంచిదై మోసినారని నాను సెప్పను. రేపు తనది పడుంటే ఎవులెడతారన్న బయం గూడా ఉంటాది కదా.

"ఇంతలో బెల్టొచ్చింది. రాయి గుట్ట కాడ ఎత్తుకుంటే తిన్నగా ఓడ కడుపులో పోసీ బెల్టు. ఓలమ్మో, ఆ ఏడుపులు, ఆ శాపనార్థాలు! మన్ను తీసి దాని మీద పోసినారంట. సిలకమ్మ ఏడవనేదు. మద్దేనం బెల్టాగున్నప్పుడు ఎల్లి, ఆ రబ్బరు మీద సెయ్యేసి అటూ ఇటూ నిమిరి, తిరిగొచ్చి 'ఒలే, దీనికి మెడ నేదర్రా' అన్నాదంట. అంతే అన్నాది. నాను తరవాత అదే బెల్టు మీద ఆపరేటరుగా సేసినాను గదా, రోజూ డూటీ ఎక్కీటప్పుడు దానికి దండమెట్టీవోణ్ణి. నిజం. అందరూ నవ్వీవోరు, ఏటి బావా గుళ్ళోకొచ్చినావా అని. నవ్వితే నవ్వనీ. అది రాకపోతే మా సెల్లి నెత్తి మీద గూడా ఆ బోడి వచ్చీది.

"ఏటి సూత్తన్నావ్ ఆ ఫోను? ఎవులో సేత్తన్నట్టున్నారు, ఎత్తు పోనీ. వద్దా? సరే నీ ఇట్టం. ఏటి సెప్తన్నాను... ఆఁ, బెల్టెట్టిన కంపెనీ. ఆ కంపెనీ పేరెందుకులే, ఇప్పుడది నేదు. ఆల్లేటన్నారంటే, తట్టలుండవింక, బెల్టు కింద రాలిన రాయి ఊడిసి మల్లీ బెల్టు మీదెయ్యాలి, దానికి కొంతమంది ఆడోల్లని పర్మినెంటుగా తీసుకుంటాం, మీ జట్టుని తీసుకుంటాం. పర్మినెంటంటే తెలుసా! వాటా ఇల్లు, కంపెనీ ఆసుపత్రి, పిల్లలకి కంపెనీ బడి. మేస్త్రికైతే ఊడిసీ పని గూడా నేదు, మెళ్ళో ఈలేసుకుని నిలబడ్డవే. బెల్టాపాలంటే ఈలెయ్యాలి, అంతే పని. సిలకమ్మ ఆ మెడతో అన్నాల్లు మోసినాక, నిలబడి ఈలేసీ ఉద్యోగం! గౌరీశ్వరి దిష్టి తీసిందంట. రేపు పెద్దాఫీసరొత్తాడు, ఎవులి తట్టెనకాల ఆల్లు నిలబడాలి, పంతులు గారు పేరు పిలుత్తారు, నిలబడినోల్లకి ఉద్యోగం అన్నారు. అదీ కబురు.

"మరి ఆ రోజు సిలకమ్మ ఏటి సెయ్యాలి? ఒక్క తట్టే తీసుకెల్లాలి కదా. మా యమ్మది ఇంటి కాడొదిలీయాలి. రెండూ పట్టుకెల్లిపోనాది! కావాలనా? కాదు, ఆవిడే సెప్పింది నాకు. రోజూ సేసీ సెయ్యి కదా, సీకట్లోనే లేసి రెండూ ఒకదాంట్లో ఒకటెట్టుకుని ఎల్లిపోనాది. గేటు కాడ రెండూ బోర్లించీసింది. బోర్లించీసి సూసుకుంటే ఆఫీసరు ఎదర నిలబడున్నాడు. ఇంకెలగ తీత్తావు? కొత్తోడు, మద్రాసు మనిసి, బూట్లూ టోపీనీ. పంతులు గారు పేర్లు సదవడం మొదలెట్టినారు. పేరు పిలవడం, 'ఉన్నానండి', పిలవడం, 'ఉన్నానండి'. మా యమ్మ పేరొచ్చింది. పంతులు గారు ఆగినారంట, మింగినారంట, కాయితంలో ఉంది కదా, ఏటి సేత్తారు. 'గంగాలమ్మ' అన్నారు. ఎవులూ పలకనేదు. ఆఫీసరు కర్రతో తట్ట మీద కొట్టి, 'ఇది ఎవర్ది? ఎంగే, ఎక్కడ ఆ మనిషి?' అన్నాడంట.

"గౌరీశ్వరి అనబోనాది, 'అదీ బాబూ, అది సచ్చి' అనబోనాది. ఆ మాట పూర్తయిపోయుంటే పూర్తయిపోను. తప్పేటి నేదు అందులో, నిజమే గదా. సచ్చిపోనాదంటే కొట్టీసీవోడు పేరు. కాపోతే ఆ రోజు నుంచి లెక్క తట్టలకి కాదు, మనుసులకి. ఇంక ఎవులికీ తట్టెట్టడానికుండదు. మా ముసిల్దాని సేతిలో సాయంత్రం పడీది ఆ రోజుతో ఆఖరు. అందరూ సిలకమ్మ వైపు సూసినారంట, మేస్త్రి కదా. సిలకమ్మ ఆవిడి తట్టెనకాల నిలబడుంది, వరసలో మొట్టమొదట. అక్కడ్నించి కదిలింది. ఆ ఎద్దు తిరిగినట్టు తిరిగి, తాపీగా నడుసుకుంటా వొచ్చి, మా యమ్మ తట్టెనకాల నిలబడి, 'ఉన్నానండి బాబూ' అన్నాది.

"ఆఫీసరు 'ఏమ్మా, పిలిస్తే పలకవు?' అన్నాడు. 'సెవుడు బాబూ' అన్నాది. మరి ముందున్న ఆ తట్టెవర్ది అన్నాడు, సిలకమ్మ తట్ట. ఎనకాల ఎవులూ నేరు కదా. సిలకమ్మే సెప్పింది, 'అది సిలకమ్మదండి బాబూ. మొన్న పోనాది. పాపం, సేనా మంచి మనిసి' అన్నాది. ఓలమ్మో, ఆడోల్లు నోట్లో కొంగులు కుక్కుకున్నారంట. నవ్వా, ఏడుపా, ఎవులికి తెలుసు. గౌరీశ్వరి నాకీ కత ఎన్నిసార్లు సెప్పిందో, ఒకసారి నవ్వినామనీది, ఒకసారి ఏడిసినామనీది. ఆఫీసరు పంతులు గారి వైపు తిరిగి 'అవునా?' అన్నాడు. పంతులు గారు కల్లజోడు తీసి తుడుసుకుంటా, 'అవునండీ, పోయిందండీ. చాలా మంచి మనిషండీ' అన్నారంట. సిలకమ్మ పేరు మీద గీత కొట్టీసినారు. ఈల గౌరీశ్వరి మెళ్ళో పడ్డాది. సిలకమ్మ సేతికి సీపురొచ్చింది.

"అలగ రిటైరయ్యీదాకా గంగాలమ్మగానే సేసింది. మేం కంపెనీ వాటాలోకెల్లినాం, నానూ, సెల్లీ, ముసిల్దీ, ఆవిడీ. కంపెనీ బడిలో గంగాలమ్మ కొడుకు, గంగాలమ్మ కూతురు. మరేదో దేవతలాగ సూసుకుందనుకుంటన్నావేమో, అదేటీ నేదు. సింతబరికెతో వాయించీసీది. 'మీ యమ్మ ఉద్యోగం నానే సేత్తన్నాను, మీ యమ్మ తన్నాల్సిన తన్నులు గూడా నానే తంతాను, రా ఇలగ' అనీది. పనికాడైతే గౌరీశ్వరి ఈలూది 'గంగాలమ్మా, ఇటేపు ఊడువు' అంటే, 'ఎవులే నువ్వు, సచ్చినదాన్ని పేరెట్టి పిలుత్తన్నావు' అని ఈవిడ. 'అయితే సిలకమ్మా' అంటే 'అదీ సచ్చింది కదే' అనీది. ఇద్దరూ రోజంతా అదే. కాని ఒకటి, ఆ ఈల మోగినప్పుడల్లా సిలకమ్మ ఒక్క సణం సీపురాపీది. నాను సూసినాను. మద్దేనం కేరేజీ పట్టుకెల్లీవోణ్ణి గదా.

"పెద్దయ్యాక నానడిగినాను, ఐటీఐ అయిపోయి డూటీలో జాయినైన రోజున. ఎందుకమ్మా అలగ సేసినావు, నీ పేరు సెప్పుకునుంటే దర్జాగా నిలబడీదానివి కదా, మాకు ఏదో ఇత్తే సరిపోను కదా అన్నాను. సుట్ట తీసింది, తీసిందంటే పెద్ద మాటే ఏదో సెప్తాదని. 'నా పేరెనకాల ఎవుడూ నేడురా. దాని పేరెనకాల మీరిద్దరున్నారు. బడీ ఆసుపత్రీ ఆల్లు పేరుకిత్తారుగాని మనిసికిత్తారేటి?' అన్నాది. మల్లీ సుట్టెట్టుకుంది. అయితే బాదగా నేదా అన్నాను. 'ఎందుకుండదు, గౌరీశ్వరికి ఈలూదడం రాదు. పిల్లి కూసినట్టూదుతాది. నానైతే బాగా ఊదీదాన్ని' అన్నాది.

"మొన్నామద్దిన ఒక పిల్లొచ్చింది సర్వేకని, నీయంతే ఉంటాది, సేతిలో ట్యాబు. తాతా మీ ఇంట్లో పేదరికం తగ్గిందా అనడిగింది. తగ్గకేటి! నాను నెత్తి మీద ఒక్క రాయి మొయ్యనేదు, సెల్లి నర్సయి సీతమ్మధారలో పెద్దాసుపత్రిలో సేసింది, సెల్లి మనవరాలు పరవాడ మందుల కంపెనీలో తెల్ల కోటేసుకుని లేబ్‌లో కూకుంటాది. గేసుంది, సలవ మిషనుంది, పైన వాటాలో నువ్వున్నావు. ఎలగ తగ్గింది తాతా అని అడుగుతాదేమో, సిలకమ్మ తట్ట సంగతి సెప్దామని కూకున్నాను. అడగనే నేదు. రాసీసుకుని ఎల్లిపోనాది, ఇంకా సేనా ఇల్లున్నాయంట దానికి. అంతకు ముందెప్పుడో, నానింకా డూటీలో ఉండగా, మా కాడికి డబ్బాలొచ్చినాయి, పెద్ద పెద్ద ఇనప డబ్బాలు, కంటైనర్లు. కొత్త క్రేన్లొచ్చినాయి. సగం మందిని వీఆరెస్ తీసుకోమన్నారు. నానూ తీసుకున్నాను, తప్పేటి నేదు, ఆ డబ్బుల్తోనే ఈ ఇంటికి సిలాబేసినాను. కాని ఆ రోజు ఒక మీటింగు ఆల్లో అందరం కుర్సీల్లో కూకున్నాం, ఫేన్లు తిరగతన్నాయి, ఎవుడు ఉంటాడో ఎవుడు పోతాడో ఒక్కడు పక్కోడి మొకం సూడ్డు. అందరికీ జీతాలున్నాయి, ఇల్లున్నాయి. తట్ట మాటెవుడూ ఎత్తనేదు. అంటే ఆ మాటే తెలీదు కదా అప్పుడికి, ఎవులకి గురుతుంటాది.

"సీల్డా? అదే, రిటైరైన రోజున ఇచ్చినారు. దండేసినారు, శాలువా కప్పినారు. ఎవుడో కొత్తాఫీసరు మైకట్టుకుని 'గంగాలమ్మ గారు గంగాలమ్మ గారు' అంటంటే ఈవిడ కొంగడ్డెట్టుకుని ఒకటే నవ్వు. ఆనందంతో నవ్వతన్నాదనుకున్నారు. మీటింగవగానే ఆ దండతోనే తిన్నగా నా కాడికొచ్చి, సీల్డు నా సేతిలో ఎట్టి, 'ఇదిగో, మీ యమ్మది. అప్పజెప్పీసినాను' అన్నాది. అంతే. తాకట్టు సరుకు తిరిగిచ్చినట్టు. తరవాత ఐదారేళ్ళున్నాది. పోనప్పుడు నానే తలకొరివెట్టినాను. గౌరీశ్వరి ఆటోలో వొచ్చింది, కాళ్ళు నడవవు దానికప్పుడికి. పాడె కాడ నిలబడి, 'దీనికిది రెండోసారమ్మా, మొదటిసారి నానే సాచ్చీకం' అన్నాది. నవ్వుదామని అన్నాది. నవ్వనేకపోనాది.

"నాకొకటే, జ్యోతమ్మా... దసరాకి పెద్దలకి పెట్టుకుంటాం కదా. మా యమ్మ పేరు సెప్పాలి. గంగాలమ్మ అని కళ్ళు మూసుకుంటాను. ఆవిడి మొకమే వొత్తాది. ఆ బోడి నెత్తీ, ఆ సుట్టా. ఎంత మూసుకున్నా మా యమ్మ మొకం... ఆ ఎర్రటి కాళ్ళ కాడ్నించి పైకి..."

టీవీలో ఏదో అత్త ఎవరో కోడలి మీద అరుస్తోంది. ఆయన షీల్డు వంక చూడలేదు, గుమ్మం వంక చూస్తున్నాడు. తరవాత ఏమన్నా చెబుతాడేమోనని ఆశాజ్యోతి కూర్చునే ఉంది.

"మోటారు ఆపినావేటే? పైన ట్యాంకు పొర్లిపోతన్న సప్పుడు" అన్నాడు తాత.

ఆమె గబగబా మెట్లెక్కి మోటారు ఆపింది. డాబా మీద నీళ్ళు కాలవ కట్టి, ఆరేసిన బట్టల కింద నించి పోతున్నాయి. పోర్టు వైపు నించి వచ్చే దుమ్ము పడి ఉండటంతో నీళ్ళు పిట్టగోడ దగ్గరకి వెళ్ళేసరికి రంగు తిరిగాయి. తను రోజూ ఈ దుమ్మునే తిట్టుకుంటూ బట్టలు దులుపుకుంటుంది.

పిట్టగోడ మీద కూర్చుని లెక్క వేసుకుంది. చిలకమ్మ తన తట్ట వదిలేసింది. తనని ఎవరూ వదలమనలేదు. ఆపరేటర్ కుర్చీ తనదే, వదలాలని తనకీ లేదు. ఫ్లోరక్క కోసం దిగిపోయేంత గొప్పది కాదు తను, ఆ మాట తనకి తెలుసు. అడిగింది హెల్పర్ ఎవరని మాత్రమే. మిషను తెర మీద ఇంగ్లీషు ఉంటుంది నిజమే. అది చదవడానికి తనుంది. రొయ్య సైజు మిషను తప్పుగా చూస్తే పక్కకి తీసెయ్యడానికి ఒక మనిషి కావాలి, ఫ్లోరక్క వేళ్ళు వాచినా కళ్ళు వాచలేదు. రోజారమణికి ఇంకో ఫ్యాక్టరీ దొరుకుతుంది, ఇంటర్ ఉంది, వయసుంది. దొరక్కపోవచ్చు కూడా. ఆ పిల్ల రేపు తన వంక చూసే చూపు తను చూడక తప్పదు. నెల తిరిగేసరికి ఏమవుతుందో అదీ తెలీదు. ఫ్లోరక్క నేర్చుకోవడానికి ఎక్కువ రోజులు పడితే, ఆ రోజులు తనే కొంచెం ఎక్కువ మొయ్యాలి.

ముందు మణికంఠ సార్‌కి చేద్దామా అనుకుంది. ఆయనకి చెప్పేస్తే ఇంక మనసు మార్చుకోడానికి ఉండదు. కానీ ఆయనకి రేపు పొద్దున్న చెప్పినా చాలు. శుక్రవారం నుంచి ఫోన్ చేస్తున్నది ఆయన కాదు. ఫ్లోరక్క ఇప్పుడు జ్ఞానాపురంలో చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, ఫోన్ పక్కన పెట్టుకుని నడుం వాల్చి ఉంటుంది. హెల్పర్ సంగతి తరవాత. మిషను దిగిన రోజున తనకి సంబరమేసిందన్న మాట ముందు చెప్పెయ్యాలి. ఆవిడ తిడుతుంది. "ఒసే దొంగ మొహమా, నేనేడుస్తుంటే నీకు సంబరమా" అంటుంది. అననీ.

ఆశాజ్యోతి తడి చెయ్యి లంగాకి తుడుచుకుని, ఫోన్ తీసి, ఫ్లోరక్క పేరు మీద వేలు పెట్టింది.